వీపు చూశాకే కేసు తెలిసింది

మెడికల్ స్టూడెంట్‌గా మెడిసిన్ వార్డు పోస్టింగ్‌లో నాకు మొదటగా అప్పగించిన కేసు ఆయాసంతో చేరిన ఒక పెద్దాయనది. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. కుడి పక్కకి తిరిగి పడుకుంటేనే కాస్త హాయిగా ఉంటోందన్నారు. ఆ మాట కేస్ షీట్‌లో రాసుకున్నాను గానీ, ఎందుకలా అని ఆలోచించలేదు.

కర్టెన్ లాగి, "పెద్దయ్యా, ఛాతీ చూడాలి, చొక్కా తీస్తారా?" అని అడిగాను. మంచాన్ని తలవైపు 45 డిగ్రీలు ఎత్తి ఆనుకుని కూర్చోమన్నాను. అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకున్నాను. చల్లటి చెయ్యి తగిలితే మనిషి ఒక్కసారిగా బిగుసుకుపోతాడు.

ముందు నాడి. తర్వాత ఊపిరి. లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరికైనా ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే నాడి చూడడం అయిపోయినా మణికట్టు వదలకుండా, చూపు మాత్రం ఛాతీ మీదికి తిప్పి నిమిషం నిండా లెక్కపెట్టాను. 28 వచ్చింది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళలో 12 నుంచి 20 దాకా ఉండాలి. కింది రెప్ప దించి పాలర్ (రక్తం తక్కువై పాలిపోవడం), తెల్లగుడ్డులో ఇక్టరస్ (కామెర్ల పసుపు), నాలుక మీద సయనోసిస్ (ఆక్సిజన్ తగ్గి నీలంగా మారడం) ఉన్నాయేమో చూశాను. క్లబ్బింగ్, అంటే వేళ్ళ కొసలు ఉబ్బి గోళ్ళు వంపు తిరగడం, ఉందేమోనని రెండు చూపుడువేళ్ళ గోళ్ళు ఒకదానికొకటి ఆనించమంటే మధ్యలో డైమండ్ ఆకారంలో సందు కనిపించింది. క్లబ్బింగ్ ఉంటే ఆ సందు మూసుకుపోతుంది. మెడలో గడ్డలు లేవు, కాళ్ళకు నీరు లేదు.

ఇక ఛాతీ. మంచం కాళ్ళ దగ్గర నిలబడి చూస్తే కుడివైపు కొంచెం వెనకబడి లేస్తున్నట్టు అనిపించింది. ట్రేకియా, అంటే గొంతు కింది శ్వాసనాళం మీద వేలు పెడితే ఎడమకి కాస్త జరిగినట్టు తగిలింది. కానీ నా వేలి మీద నాకే నమ్మకం లేక "మధ్యలోనే ఉంది" అని రాశాను. పెర్కషన్‌లో, అంటే ఛాతీ మీద వేలితో తట్టి చూస్తే, కుడివైపు కింద డల్‌గా, మోత లేకుండా వచ్చింది. అక్కడ లివర్ ఉంటుంది కదా, ముందువైపు ఐదో పక్కటెముకల సందు నుంచి డల్ రావడం మామూలే అనుకున్నాను. స్టెత్ పెట్టి విన్నాను, కుడివైపు కింద శబ్దం తక్కువగా ఉంది. లావుపాటి ఛాతీ కదా అని సరిపెట్టుకున్నాను. వేలికి తగిలిందీ చెవికి వినిపించిందీ ప్రతిసారీ ఏదో ఒక కారణంతో తోసిపుచ్చానని అప్పుడు తట్టనేలేదు.

కేసు వివరాలు ప్రెజెంట్ చేస్తుంటే మాకు పాఠం చెప్పే మేడమ్ చివరిదాకా విని ఒక్కటే అడిగారు: "వీపు చూశావా అమ్మా?"

చూడలేదు. ఆయాసంతో ఉన్న మనిషిని లేపి కూర్చోబెట్టడం ఎందుకులే అనుకున్నాను. "ముందువైపు ఎక్కువగా వినిపించేది పై లోబ్‌లు, అంటే ఊపిరితిత్తి పై భాగాలు. కింది లోబ్ వీపు వైపే ఉంటుంది. వీపు వదిలేస్తే సగం ఊపిరితిత్తి వదిలేసినట్టే," అన్నారు మేడమ్.

పెద్దాయన్ని నెమ్మదిగా ముందుకు వంచి కూర్చోబెట్టి, చేతులు ముందుకు మడిచి ఎదుటి భుజాలు పట్టుకోమన్నాం. అలా చేస్తే రెక్క ఎముకలు పక్కకు జరిగి తట్టడానికి చోటు దొరుకుతుంది. మేడమ్ నా ఎడమ మధ్యవేలిని పక్కటెముకల సందులో గట్టిగా ఆనించి, మిగతా వేళ్ళు పైకెత్తించారు. "మోచేయి కదపకు, మణికట్టు నుంచే కొట్టు, కొట్టగానే వేలు వెనక్కి తీసెయ్. ఎడమవైపు ఒకటి, అదే ఎత్తులో కుడివైపు ఒకటి."

పైన రెండువైపులా ఒకేలా మోగింది. రెక్క ఎముక కొస దాటి కిందికి వచ్చేసరికి ఎడమవైపు అదే మోత, కుడివైపు రాయి మీద కొట్టినట్టు మూగబోయింది. చెవికన్నా ముందు వేలికే తెలిసింది. వేలి కింద గాలి ఉన్న చోట ఒక చిన్న అదురు ఉంటుంది, ఇక్కడ అది లేదు. స్టోనీ డల్ అంటే ఏమిటో నాకు ఆ క్షణమే అర్థమైంది. ఈ తట్టే పద్ధతిని 1761లో ప్రకటించిన ఆవెన్‌బ్రుగ్గర్ సత్రం నడిపే ఆయన కొడుకనీ, పీపాలో ద్రవం ఎంతవరకు ఉందో తట్టి చూడడం చిన్నప్పుడే చూశాడనీ చెబుతారు. ఆ వీపు మీద వేలు పెట్టాక ఆ కథ నాకు ఎంతో దగ్గరగా అనిపించింది.

అరచేయి అంచు ఆనించి "ఒకటి, ఒకటి" అనమంటే ఎడమవైపు కంపనం చేతికి తెలిసింది, కుడి కింద దాదాపు లేదు. న్యుమోనియాతో ఊపిరితిత్తి గట్టిపడితే ఈ కంపనం పెరుగుతుంది. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య నీరు చేరితే తగ్గిపోతుంది. డల్ రెండింటిలోనూ వస్తుంది కాబట్టి వాటిని విడదీసి చూపేది ఇదే. స్టెత్ పెడితే అక్కడ ఊపిరి శబ్దమే లేదు. ముందువైపు నేను లివర్ అనుకున్న చోట కూడా మేడమ్ గట్టిగా ఊపిరి పీల్చమని మళ్ళీ తట్టించారు. లివర్ అయితే కిందికి జారి పైఅంచు మోగాలి. ఇక్కడ ఏ మార్పూ లేదు.

డల్ మొదలైన చోట వీపు మీద పెన్నుతో గీత గీయించారు మేడమ్. ఎక్స్‌రేలో కుడివైపు నీరు స్పష్టంగా కనిపించింది. అందుకే ఆయనకి ఆ పక్కకి తిరిగి పడుకుంటేనే హాయిగా ఉంది. కేస్ షీట్‌లో "ట్రేకియా మధ్యలోనే" అన్న మాట కొట్టేసి, "ఎడమకి జరిగింది" అని రాసి పక్కన సంతకం పెట్టాను.

మర్నాడు అల్ట్రాసౌండ్ చూస్తూ నీరు తీశారు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి వీపు తట్టాను. గీత దగ్గర మోగింది, ఇంకో మూడు వేళ్ళ కిందికి వెళ్ళాకే మూగబోయింది. చొక్కా వేసుకుంటూ పెద్దాయన అన్నారు: "ఇవాళ మధ్యాహ్నం ఎడమ పక్కకి తిరిగి పడుకున్నానమ్మా, నిద్ర పట్టింది."