పాటిదిబ్బల మీద ఆదివారాలు

శ్రీకాకుళంలో స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్న కొందరం కలిసి నడుపుకుంటున్న చిన్న బృందంలో నేను చేరి మూడేళ్లయింది. మాలో బడిపంతుళ్లు ఉన్నారు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు ఉన్నారు, ఫోటో స్టూడియో నడిపే ఒకాయన ఉన్నారు. పురావస్తుశాస్త్రం చదువుకున్నవారు మాత్రం ఒక్కరే. ఈ పని గురించి చెప్పగానే చాలామంది గునపాలూ పారలూ ఊహించుకుంటారు గానీ, మేము తవ్వము. అనుమతి లేకుండా తవ్వకూడదు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. నేల మీద కనిపించేదాన్ని చూడటం, కొలవడం, ఫోటో తీయడం, అది ఏ ఊరి పొలంలో ఏ గట్టు పక్కన ఉందో రాసుకోవడం, ఇంతవరకే మా పని.

రాసుకోవడం ఎంత ముఖ్యమో నాకు తెలిసింది నేను చేసిన ఒక తప్పు వల్ల. చేరిన కొత్తలో వంశధార ఒడ్డున ఒక పాటిదిబ్బ (పాత ఊరు ఉండిపోయిన మట్టిదిబ్బ) మీద తిరుగుతూ, లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండపెంకు ఒకటి చూశాను. ఇలాంటి కుండలను కుమ్మరి ఆవంలో బోర్లించి కాల్చేవారని, లోపలికి గాలి అందక నల్లబడితే బయటి వైపు ఎర్రబడేదని అంతకు ముందే విని ఉన్నందువల్ల, ఉత్సాహం ఆపుకోలేక దాన్ని జేబులో వేసుకుని వచ్చేశాను. వారం తరువాత చూపిస్తే మా పెద్దాయన అడిగింది ఒక్కటే: "దిబ్బకు ఏ వైపున దొరికింది? పక్కన ఇంకేం ఉన్నాయి?" నేను చెప్పలేకపోయాను. తిరిగి వెళ్లేసరికి ఆ వైపు మట్టిని ట్రాక్టర్లతో తోలుకుపోయారు. రైతులను తప్పుపట్టలేను, పాత ఊళ్ల బూడిద, పేడ, చెత్త కలిసిన పాటిమట్టి పొలానికి మంచి ఎరువని తరతరాలుగా వారికి తెలుసు. కానీ ఆ పెంకు ఎవరి ఇంటిదో, ఏ కాలపు ఇటుకల పక్కన పడి ఉందో చెప్పగలిగిన చోటు ఇక లేదు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చోటు పేరు లేని చీటీతో.

శాసనాల దగ్గర మాత్రం ఓపికకు ఫలితం కనిపిస్తుంది. అరిగిపోయిన అక్షరాలు మిట్టమధ్యాహ్నం ఎండలో అసలు కనబడవు. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు, ఉదయం ఏడింటికో సాయంత్రం అయిదు దాటాకో, ఏటవాలు వెలుతురు గాట్లలో నీడలు నింపినప్పుడే అవి తేలుతాయి. అందుకే తెల్లవారకముందే బయలుదేరుతాము. సున్నం, ఎనామిల్ రంగు పూసిన రాళ్లను చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. రంగును గీకితే అక్షరమే పోతుంది కనుక ముట్టుకోకుండా ఫోటో తీసి వచ్చేస్తాము. అలాగని పూజలందుకుంటున్న రాళ్లకు హాని అని నేను అనను. పసుపు పూసి గ్రామదేవతగా నిలిపిన రాయి మిగిలి ఉంటే, చాకిరేవులో బండగా మారిన రాయి మీద అక్షరం పూర్తిగా అరిగిపోవడం నేను చూశాను.

మా జిల్లాలో ఈ పనికి గొప్ప పూర్వికుడు ఉన్నాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు ముఖలింగం శాసనాలు చదవడానికి ప్రాచీన లిపులను తానే నేర్చుకున్నారు. వంశధార ఒడ్డున కొండ మీద ఉన్న శాలిహుండం బౌద్ధ స్థలాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చిందీ ఆయనే. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు; రాళ్ల ముందు కూర్చున్న మనిషిగా తెలిసింది తక్కువ మందికే. శాలిహుండం మెట్లెక్కి, పైనుంచి నది మలుపును, కళింగపట్నం వైపు సముద్రాన్ని చూసినప్పుడల్లా, పురావస్తు శాఖ రాకముందే ఒక బడిపంతులు ఇక్కడ నిలబడ్డాడన్న సంగతి నాకు గుర్తుకు వస్తుంది.

ఊళ్లోకి వెళ్లగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే. "ఏటి బాబూ, నిధి కోసం వొచ్చినారేటి?" అని. కాదని చెప్పి ఊరుకుంటే నమ్మరు. ఫోనులో ఫోటోలు చూపించి, ఈ రాయి మీద మీ ఊరి పాత పేరు ఉండొచ్చునని చెబితే, ముసలివాళ్లు దగ్గరకు వచ్చి కూర్చుంటారు. ఇలాగే మొన్న ఒక రైతు, నాగలికి తగిలిన పెద్ద ఇటుకను చూపించడానికి మమ్మల్ని పొలం గట్టుకు తీసుకువెళ్లాడు. ఇంటికి పట్టుకుపోలేదు, గుడి దగ్గర పెట్టలేదు. తగిలిన చోటే ఉంచి, గుర్తుగా పక్కన తాటిమట్ట పాతాడు.