బొమ్మ గౌను తిప్పి చూడండి

పాత బొమ్మలు కనబడితే అందరూ ముందు మొహం చూస్తారు. నా కళ్ళు మాత్రం కుట్టు మీదకే పోతాయి, కుచ్చులు ఎలా పట్టారు, అంచు ఎంత మడిచారు, లోపల లైనింగ్ వేశారా లేదా అని.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో లార్డ్ క్లాఫమ్, లేడీ క్లాఫమ్ అని ఒక జంట ఉంది. 1690-1700 ప్రాంతంలో చేసిన చెక్క బొమ్మలు, కూర్చోవడానికి వాళ్ళ సైజు కుర్చీలతో సహా. మొహాలు చూస్తే అంత అందగాళ్ళేం కాదు పాపం. కానీ బట్టలు చూడాలి! ఆవిడకి బయటికి వెళ్ళే పట్టు గౌను వేరు, ఇంట్లో వేసుకునేది వేరు, వాటి కింద లంగాలు, నడుము బిగించే గట్టి బాడీ, మేజోళ్ళు, నడుముకి కట్టుకునే విడి జేబు. ఆయనకి సూటు, ఇంటి గౌను, రాత్రి టోపీ, కత్తి కూడా. మన కొండపల్లి బొమ్మకి చీర రంగుతోనే వేసేస్తారు, వీళ్ళవి అసలు బట్టలే, విప్పి మళ్ళీ తొడగొచ్చు.

ఆ కాలం మనుషులు కట్టిన బట్టలు ఇలా సెట్టుగా దొరకడం చాలా అరుదు. పట్టు ఖరీదు కాబట్టి ఫ్యాషన్ మారితే విప్పి మళ్ళీ కుట్టించుకునేవాళ్ళు, లోపలివైతే చిరిగేదాకా వాడేవాళ్ళు, మన ఇళ్ళలో పాత చీర చివరికి ఏమవుతుందో తెలిసిందే కదా. బొమ్మ లావెక్కదు, చెమట పట్టదు, చెల్లెలికి ఇచ్చెయ్యమని ఎవరూ అడగరు. అందుకే దేని మీద ఏది వేసుకునేవారో తెలియాలంటే ఈ జంటని చూడాల్సిందే.

విక్టోరియా రాణి సంగతి ఇంకో రకం. చిన్నప్పుడు ఆమెకి 132 చెక్క బొమ్మలుండేవి, వాటిలో 32 బొమ్మలకి తనే బట్టలు కుట్టింది, ఇంట్లోనే ఉండి చదువు చెప్పే గవర్నెస్ లేజెన్ సాయంతో. చాలావాటికి నాటకాల్లో, బ్యాలేల్లో చూసిన వేషాలే. నిజం చెప్పాలంటే 1860ల నాటి పారిస్ బొమ్మలతోపాటు వచ్చే బట్టల పెట్టెల నిండా ఉండే కార్సెట్లు (నడుము బిగించే బాడీలు), గ్లవ్స్ కన్నా నాకు ఇవే ఇష్టం. అక్కడ పిల్లకి ఆట తక్కువ, పెద్దింటి ఆడమనిషి ఎలా తయారవ్వాలో పాఠం ఎక్కువ.

మీ దగ్గర ఇలాంటి పాత గౌను ఏదైనా ఉంటే దయచేసి ఉతకొద్దు. 19వ శతాబ్దం చివర్లో పట్టుకి బరువు రావాలని లోహపు లవణాలు పట్టించేవాళ్ళు, అలాంటి గుడ్డ మడతల దగ్గర పెళుసెక్కి నిలువునా చీలిపోతుంది. తుప్పు పట్టిన గుండుసూది ఉంటే బలంగా లాగకండి, దాంతోపాటు దారాలు కూడా వచ్చేస్తాయి. ఇస్త్రీ చేసి తళతళలాడించి అమ్మేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.