ఎక్సెల్ జాబితాలో కనబడని సర్వీసు లెక్క

అనంతపురంలో పెన్షన్ ప్రతిపాదనలు తయారుచేసే మా వంటి గుమాస్తాలకు తప్పని పని ఒకటుంది. ఉద్యోగి చేరిన తేదీ నుంచి పదవీ విరమణ తేదీ వరకు ఎన్ని సంవత్సరాలు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు అయ్యాయో తేల్చాలి. గుత్తి, తాడిపత్రి, కళ్యాణదుర్గం నుంచి వచ్చే సర్వీసు రిజిస్టర్లను ముందు పెట్టుకుని, ఎదురుగా ఎక్సెల్ తెరిచే ఉన్నా, కాగితం మీద నెలలు అప్పు తెచ్చుకుంటూ తీసివేతలు చేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఆ ఎక్సెల్‌లోనే దీనికి ‘డేటెడిఫ్’ అనే ఫంక్షన్ ఉంది. సమానం గుర్తు పెట్టి మొదటి అక్షరాలు కొడితే తెరుచుకునే జాబితాలో అది కనబడదు కనుక డీ, ఏ, టీ, ఈ, డీ, ఐ, ఎఫ్ అని పూర్తిగా మనమే టైపు చేయాలి. 1983లో వచ్చి ఆఫీసులను ఏలిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము ఫైళ్లు తన దగ్గర కూడా నడవాలని ఎక్సెల్ దీన్ని ఉంచుకుంది. 1900ను లీపు సంవత్సరంగా లెక్కించిన లోటస్ పొరపాటును కూడా అందుకే ఉంచుకుంది; 1900 జనవరి 1ని ఒకటో రోజుగా లెక్కించే ఎక్సెల్‌లో ఒక గడిలో 60 వేసి తేదీగా మార్చితే, క్యాలెండరులో లేని 1900 ఫిబ్రవరి 29 కనబడుతుంది. ఎక్సెల్ 97లో దాచిన విమానం ఆట గురించి చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు గాని, నా దృష్టిలో డేటెడిఫ్ కంటే పనికొచ్చే రహస్యం ఇంకొకటి లేదు.

బ్రాకెట్లలో మొదట చేరిన తేదీ గడి, తర్వాత చివరి తేదీ గడి, ఆ పైన కొటేషన్ గుర్తుల మధ్య ‘వై’ ఇస్తే నిండిన సంవత్సరాలు, ‘వై ఎం’ ఇస్తే మిగిలిన నెలలు వస్తాయి. విరమణ రోజు కూడా సర్వీసులో భాగమే కనుక చివరి తేదీకి ఒకటి కలపడం మరువరాదు.

మిగిలిన రోజులకు ఉన్న ‘ఎం డీ’ని మాత్రం నమ్మకండి. అది తప్పు అంకె, ఒక్కొక్కసారి సున్నా కంటే తక్కువ అంకె కూడా ఇవ్వగలదని మైక్రోసాఫ్ట్ సహాయ పుటలోనే హెచ్చరించారు. జనవరి 31న చేరినవారి లెక్క మార్చి 1న ముగిస్తే ఈ తేడా బయటపడుతుంది. ఒకరి జీవితకాలపు సర్వీసు తేల్చే చోట ఇది చిన్న విషయం కాదు. ‘ఎం’తో మొత్తం నెలలు తీసి, ‘ఈడేట్’ ఫంక్షన్‌తో చేరిన తేదీకి అన్ని నెలలు కలిపి, వచ్చిన తేదీని ఒకటి కలిపిన చివరి తేదీ నుంచి తీసివేస్తే రోజులు సరిగ్గా వస్తాయి.

విరమణ తేదీకి ‘ఈఓమంత్’ ఫంక్షన్ చాలు. పుట్టిన తేదీలోంచి ఒకటి తీసి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల 62 ఏళ్లకు 744 నెలలు ఇస్తే ఆ నెల చివరి రోజు వస్తుంది. ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల చివరి రోజునే విరమిస్తారన్న నిబంధన కూడా ఆ ఒక్క తీసివేతతోనే తీరిపోతుంది.