ఫిర్యాదు మూసేశారు, నెట్ మాత్రం రాలేదు

బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు నెలకు ఇంత డేటా అని హద్దు పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ హద్దు ఎంతో, దాటాక వేగం ఎంతకు పడిపోతుందో ముందే వివరంగా చెప్పకపోవడాన్నీ, తర్వాత మొరపెట్టుకున్నా పట్టించుకోకపోవడాన్నీ మాత్రం సహించలేకపోతున్నాను. తిరుపతి ఎం.ఆర్.పల్లిలోని మా ఇంటికి కనెక్షన్ ఇచ్చిన సంస్థ తన కరపత్రంలో 100 ఎంబీపీఎస్ అని పెద్దగా అచ్చువేసి, 500 జీబీ దాటితే వేగం తగ్గుతుందన్న షరతును అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టింది.

4కె టీవీలో గంటసేపు సినిమా చూస్తే సుమారు 7 జీబీ ఖర్చవుతుంది. రోజుకు రెండు గంటలు చూసే ఇంట్లో నెలకు 420 జీబీ దానికే పోతుంది; పిల్లల పాఠాలకూ, ఇంటినుంచి చేసే ఉద్యోగానికీ మిగిలేది 80 జీబీ. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు సాధారణంగా నెల ద్వితీయార్ధంలోనే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. తిరుపతిలో ఉన్నారు కదా అని బంధువులందరూ మన మీదే ఆశ పెట్టుకున్న ఆ ఉదయమే నెట్ నత్తనడక నడిస్తే, పేజీ తెరుచుకునేలోపే కోటా అయిపోతుంది.

వాడకం 50, 90, 100 శాతానికి చేరినప్పుడల్లా వినియోగదారుడికి సమాచారం పంపాలనీ, హద్దు దాటాక కూడా వేగం 512 కేబీపీఎస్‌కు తగ్గకూడదనీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. మాకు అలాంటి సందేశం ఒక్కటీ రాలేదు.

వేగం సంగతి అలా ఉంచితే, రౌటర్ మీద ఎర్ర దీపం వెలిగి నెట్ పూర్తిగా ఆగిపోయినప్పుడు ఎదురైన అనుభవం ఇంకా బాధాకరం. కస్టమర్ కేర్‌లో అంకెలన్నీ నొక్కి, పాట విని, చివరికి ఒక మనిషి గొంతు వినిపిస్తే, రౌటర్ ఆపి మళ్లీ వేయమన్న సలహా తప్ప ఇంకేమీ దొరకదు. సాయంత్రం టెక్నీషియన్ ఫోన్ చేసి, "సార్, ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి. పైనించి ఒత్తిడి చేస్తా ఉండారు. రేప్పొద్దున కచ్చితంగా వచ్చి చూస్తా" అన్నాడు. ఓటీపీ చెప్పాను. ఫిర్యాదు పరిష్కారమైందని వెంటనే సందేశం వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. ఆ అబ్బాయిని నేను నిందించను. ఊరంతా తీగలు లాగే మనుషులను అంత తక్కువగా పెట్టుకుని, గడువులోపు ఫిర్యాదులు మూయమని తొందరపెట్టే సంస్థదే ఆ తప్పు.

ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు విచారించదు. 2012 నిబంధనల ప్రకారం, డాకెట్ నంబరుతో (ఫిర్యాదు నమోదైనప్పుడు సంస్థ ఇచ్చే నంబరు) చేసిన ఫిర్యాదుకు న్యాయం జరగకపోతే సంస్థలోనే ఉండే అప్పీలు అధికారికి రుసుము లేకుండా రాసుకోవచ్చు. దానిని 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. నేను అప్పీలు పంపాను, కరపత్రం ఫొటో, ఆ సందేశం జతచేశాను. మీకూ ఇలాంటి ఫోన్ వస్తే, నెట్ వచ్చిందని మీ కళ్లతో చూసుకునేదాకా ఓటీపీ చెప్పకండి.