పెన్సిల్ మొన మీద ఉప్పు

బొమ్మ ముక్కులో స్ప్రే పెట్టి నొక్కుతుంటే నా చెయ్యి వణికింది. డాలస్ దగ్గర మా ఊరి లైబ్రరీలో ఈరోజు నలోక్సోన్ ఎలా వాడాలో నేర్పారు. నల్లమందు జాతి మత్తుమందులు ఓవర్‌డోస్ అయినవాళ్లకి ఊపిరి తిరిగి తెప్పించే మందు. 2023 నుంచి అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది.

నేర్పిన నర్సు పెన్సిల్ మొన మీద కాస్త ఉప్పు నిలబెట్టి చూపించింది. రెండు మిల్లీగ్రాములు. ఫెంటనిల్ అనే మత్తుమందు అయితే మనిషి ప్రాణం తీయడానికి అంత చాలట.

నా పక్కన కూర్చున్నావిడ కొడుకు అలాగే పోయాడు. నొప్పి మాత్ర అనుకుని ఫోన్‌లో ఎవరి దగ్గరో కొన్నది, నకిలీది. ఆవిడ ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి వాట్సాప్ గ్రూపులో మనవాళ్లు మెక్సికో సరిహద్దు గోడ గురించి వాదించుకుంటున్నారు. ఫెంటనిల్ సరుకు మెక్సికో నుంచి వస్తున్న మాట నిజమే. కానీ పట్టుబడేదాంట్లో ఎక్కువ భాగం సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గరే, కార్లలో, ట్రక్కుల్లో. దాన్ని రవాణా చేసి శిక్ష పడినవాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. అక్కడ స్కానర్లు పెంచమంటే నేనూ చెయ్యెత్తుతాను. ఎడారిలో నడిచొచ్చే కూలీ మీద మాత్రం ఈ నింద వెయ్యలేను.

అన్నిరకాల డ్రగ్స్ ఓవర్‌డోస్‌లూ కలిపి అమెరికాలో 2022లో లక్షమందికి పైగా పోయారు. 2024లో దాదాపు 80 వేలు. తగ్గిందని సంతోషించాలన్నా ఆవిడ మొహమే గుర్తొస్తోంది.

మావాడికి పదిహేనేళ్లు. స్ప్రే తీసి మందుల డబ్బాలో పెడుతుంటే "ఎందుకు నాన్నా?" అన్నాడు.

వంటింట్లోకి తీసుకెళ్లి, పెన్సిల్ తెమ్మన్నాను.