పాలు పడ్డాయా అని అడిగిన డాక్టరమ్మ

2011లో మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు మాయ సరిగా రాలేదు. రక్తం ఆగలేదు. బీపీ పడిపోయి నాకు స్పృహ తప్పిందట. ఆరు బాటిళ్ల రక్తం ఎక్కించారని మా ఆయన తర్వాత చెప్పాడు. తల్లీబిడ్డా దక్కారు, అదే చాలనుకున్నారు ఇంట్లో. బిడ్డకి మాత్రం పాలు పడలేదు. తెలగపిండి కూర, వెల్లుల్లి కారం, మెంతులు, మా అమ్మ పెట్టనిది లేదు. ఒక్క చుక్క రాలేదు. పిల్ల డబ్బాపాలతోనే పెరిగింది.

నెలసరి కూడా మళ్లీ రాలేదు. "కష్టపు కాన్పు కదా, ఒళ్లు కుదుటపడితే అదే వస్తుందిలే" అనేది అత్తయ్య. నేనూ అదే నమ్మాను.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. మార్చిలో మిర్చి కల్లంలో అడుగు పెడితే అరికాళ్లు కాలతాయి. ఆ ఎండలో నేను స్వెట్టర్ వేసుకుని కాయలు ఏరేదాన్ని. చూసినవాళ్లు వింతగా చూసేవాళ్లు. కూర్చుని లేస్తే కళ్లు తిరిగేవి. చర్మం పొడిబారి తెల్లగా పాలిపోయింది. చంకల్లో వెంట్రుకలు మొత్తం రాలిపోయాయి. ఆ మాట ఎవరితో అనగలం? సిగ్గుపడి ఏ డాక్టరుకీ చెప్పలేదు. ఆ గుర్తు అంత ముఖ్యమైనదని నాకు తెలిసుంటే మొదట అదే చెప్పేదాన్ని.

థైరాయిడ్ పరీక్ష మూడుసార్లు చేశారు. మూడుసార్లూ టీఎస్‌హెచ్ అనే ఒక్క అంకే చూశారు. ఒకసారి 2.8 వచ్చింది, మిగతా రెండుసార్లూ అటూఇటూగా అంతే. "నార్మలే" అన్నారు. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు, నీరసానికి టానిక్కులు, ఆఖరికి దిగులుకి మాత్రలు రాశారు. ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి.

2019 వానాకాలంలో జ్వరం, వాంతులు. రెండో రోజుకి మాట తడబడి, మా పెద్దమ్మాయిని పట్టుకుని నువ్వెవరని అడిగానట. గుంటూరు తీసుకెళ్లారు. సోడియం 135 పైన ఉండాలి, నాకు 114 ఉంది. అక్కడి డాక్టరమ్మ రిపోర్టు చూసి మా అమ్మని పక్కకి పిలిచింది. "కాన్పులో రక్తం బాగా పోయిందా? బిడ్డకి పాలు పడ్డాయా?"

అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అమ్మ అక్కడే ఏడ్చేసిందట.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ తెచ్చిన నర్సుని ఆపి, ముందు రక్తం తీయమందట ఆవిడ. ఆ ఇంజెక్షన్‌లోని హైడ్రోకార్టిసోన్ అంటే మన ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోనే కాబట్టి, అది ఎక్కాక కొలిస్తే మన ఒంటిలోది ఎంతో, మందుది ఎంతో తేలదు. అలాగని ఫలితం వచ్చేదాకా ఆగితే మనిషి దక్కకపోవచ్చు. అందుకని రక్తం తీసిన మరునిమిషమే 100 మిల్లీగ్రాములు ఎక్కించారు. కార్టిసాల్ తయారుచేయమని తలలోని పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్ అనే హార్మోను కోసం తీసిన ఊదారంగు మూత ట్యూబుని ఐసుముక్కల్లో పెట్టి మా తమ్ముడి చేతికిచ్చి ల్యాబుకి పరుగెత్తమన్నారు. ఆ హార్మోను మామూలు వేడికే చెడిపోతుందట.

అంత జబ్బులో కార్టిసాల్ బాగా పెరిగి ఉండాలి. నాకు 2.1. థైరాయిడ్ విడుదల చేసే హార్మోను ఫ్రీ టీ4 0.4, కనీసం 0.8 ఉండాలి. అండాశయాలే చెడి నెలసరి ఆగితే పెరగాల్సిన హార్మోన్లు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అడుగంటాయి. పాలు పట్టించే ప్రొలాక్టిన్ దాదాపు లేనట్టే. ఎంఆర్ఐలో పిట్యూటరీ ఉండాల్సిన ఎముక గుంట ఖాళీగా కనిపించింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ది కాదు, తలలో శనగగింజంత ఉండే పిట్యూటరీ థైరాయిడ్‌కి పంపే కబురు. థైరాయిడ్ చెడితే కబురు గట్టిగా వస్తుంది, అంకె పెరుగుతుంది. పాలకీ, నెలసరికీ, కార్టిసాల్‌కీ కబుర్లు పోయేదీ అక్కడినుంచే. నాకు చెడింది కబురు పంపే చోటే. అందుకే ఆ అంకె మంచిగానే కనబడింది. దాన్ని ఫ్రీ టీ4 పక్కన పెట్టి చూడాల్సింది. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ ఉబ్బుతుంది, కాన్పులో రక్తం పోయి బీపీ పడితే దానికి రక్తం అందక చచ్చిపోతుంది. షీహాన్ అనే ఇంగ్లండు డాక్టరు 1937లోనే ఈ సంగతి రాశాడట, అందుకే దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. 1937! నా కాన్పుకి డెబ్బై ఏళ్లకు పైగా ముందు. ఆ మాట విన్నప్పుడు నాకు కోపమే వచ్చింది, ఇప్పటికీ వస్తుంది.

థైరాయిడ్ మాత్ర వెంటనే ఇవ్వలేదు. కార్టిసాల్ లేని ఒంటికి ముందు థైరాక్సిన్ ఇస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి ప్రాణం మీదకొస్తుందని, కొన్ని రోజులు స్టెరాయిడ్ పడ్డాకే మొదలుపెట్టారు. మూడో రోజు ఉదయం నాకు ఆకలేసింది. ఎన్నేళ్లకో! అమ్మ గోంగూర పప్పన్నం కలిపి పెడితే గిన్నె ఊడ్చి ఇంకా అడిగాను.

ఇప్పుడు పొద్దున లేవగానే హైడ్రోకార్టిసోన్ 10, మధ్యాహ్నం 5. జ్వరమొస్తే రెట్టింపు. వాంతులైతే ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్. ఆ సంగతి రాసిన కార్డు నా పర్సులో ఉంటుంది, మా ఇద్దరు పిల్లలకీ చూపించాను. మొన్న మార్చిలో కల్లంలో ఎండకి తాళలేక కొంగు నెత్తిన కప్పుకున్నాను.

ఆరు నెలలకోసారి థైరాక్సిన్ వేసుకోకముందే వెళ్లి రక్తం ఇస్తాను. ల్యాబులో అబ్బాయి ప్రతిసారీ అడుగుతాడు, "థైరాయిడ్ అంటే టీఎస్‌హెచ్ కదమ్మా, రాయలేదేంటి?" అని.

"నాకు అది పనికిరాదు నాయనా, ఫ్రీ టీ4 చెయ్యి" అంటాను.