బెంగ అనుకున్నాం

నేను ఆస్పత్రిలో ఉన్న ఏడు రోజులూ మా ఆయన పొద్దున్నే క్యారేజీ తెచ్చినప్పుడల్లా మా కుక్క కర్రిగాడి గురించి చెప్పిన కబురు ఒకటే. "కర్రిగాడు అన్నం ముట్టడం లేదు. నీ మీద బెంగ పెట్టుకున్నాడు."

నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే లోలోపల సంతోషమేసేది. పెళ్లయి ఇరవై మూడేళ్లయింది, నా కోసం అన్నం మానేసినవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు మరి. పక్క బెడ్డావిడకి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

నాకొచ్చింది డెంగీ. సెప్టెంబరులో రాజమండ్రిలో మా వీధిలో ఇంటికొకరు పడ్డారు. డెంగీ పరీక్ష ఎన్ఎస్1 పాజిటివ్, అడ్మిషన్, సెలైన్లు, రోజుకు రెండుసార్లు రక్తం తీయడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఐదో రోజు జ్వరం దిగింది. ఇక ఇంటికి పంపేస్తారనుకున్నాం. "అసలు జాగ్రత్తగా ఉండాల్సింది ఇప్పుడేనమ్మా" అన్నారు పెద్ద డాక్టరుగారు. అన్నట్టే ఆ రాత్రి కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గుమ్మం దగ్గరే నిలబడి, "ప్లేట్‌లెట్లు పంతొమ్మిది వేలే ఉన్నాయి. తెచ్చుకోండి, తర్వాత మమ్మల్ని అనొద్దు" అనేసి వెళ్లిపోయాడు. మా ఆయన అర్ధరాత్రి బండేసుకుని బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగాడు. నేను తెల్లారేదాకా నాలుకతో చిగుళ్లు తడుముకుంటూ పడుకున్నాను, ఎక్కడైనా ఉప్పగా తగులుతుందేమోనని. పొద్దున పెద్ద డాక్టరుగారు వచ్చి, పీసీవీ, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క, చూసి సెలైన్ మార్చారు. రక్తం ఎక్కడా రావట్లేదు కాబట్టి ప్లేట్‌లెట్లు ఎక్కించక్కర్లేదన్నారు. ఆయనకు చేతులెత్తి దండం పెడతాను. ఆ కుర్రాడి మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.

డిశ్చార్జి చేశాక ఇంటి ముందు ఆటో ఆగింది. మామూలుగా అయితే హారన్ వినపడగానే కర్రిగాడు గేటు మీద రెండు కాళ్లూ వేసి నిలబడేవాడు. రాలేదు. వెనక మోటారు దగ్గర తడినేల మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి తోక రెండుసార్లు నేలకేసి కొట్టాడు, అంతే. ఆస్పత్రిలో అలవాటైందేమో, ఏమీ ఆలోచించకుండానే వాడి పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు కొబ్బరిముక్కలా తెల్లగా ఉన్నాయి. చెవి తిరగేస్తే పిడుదులు, ఆముదం గింజల్లా ఉబ్బి, వరసగా.

టిక్ ఫీవర్ అన్నారు పశువుల డాక్టరుగారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 14,000. నన్ను దోమ కుట్టింది, వాణ్ణి పిడుదు కుట్టింది. నాకు పూటపూటా లెక్కపెట్టారు, వాడికి పెట్టలేదు. కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయట. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు 28 రోజులకు రాశారు. "ఒక్క వారం ముందు తెచ్చుంటే..." అని ఆగిపోయారు. ఆ వారమంతా మేం బెంగ అనుకున్నాం.

మూడో రాత్రి ముక్కులోంచి రక్తం మొదలైంది. కరెంటు లేదు. వరండాలో చాప వేసుకుని, పాత నేతచీర ముక్కలో ఐసు చుట్టి వాడి ముక్కు మీద పెట్టి కూర్చున్నాను. నాకే ఇంకా లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. నా చేతికి సూది గుచ్చిన చోట నల్లగా కమిలిన మచ్చ ఉంది. వాడు దాన్ని నాకాడు, ఒకసారి ఆగి మళ్లీ నాకాడు. తనే నన్ను చూసుకుంటున్నాననుకున్నాడో ఏమో. తెల్లవారుజామున పాలకుర్రాడి సైకిలు బెల్లు మోగింది. తొమ్మిదేళ్లుగా ఆ బెల్లుకి మొరగని రోజు లేదు. ఆ రోజు చెవి ఒక్కటే కదిలింది. "ఉండరా, నేను చూస్తాలే" అన్నాను. పాలు తీసుకుని వచ్చేసరికి అయిపోయింది.

మా మరిది పొలంలో గట్టు పక్కన గొయ్యి తీసి, ఉప్పు పోసి పూడ్చాం. వాడి గొలుసు మాత్రం నేను తెచ్చేసుకున్నాను.

నన్ను చూడ్డానికి వచ్చిన మా పిన్ని అంది, "పోన్లేవే, నీ గండం అది పట్టుకుపోయింది. మూగజీవం, రుణం తీర్చుకుంది." కాఫీ గ్లాసు ఆవిడ ముందు పెట్టి లోపలికెళ్లిపోయాను. వాడు ఏ గండమూ పట్టుకుపోలేదు. చెవిలో ఉన్న పిడుదుల్ని మేం చూడలేదు, అదీ జరిగింది. అంత గట్టిగా అనుకున్నదాన్ని, ఆ ఆదివారమే కాలభైరవుడికి గారెల దండ వేయించాను. ఎందుకని మా ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకు ఒక్క మాట. రెండు రోజులు తిండి మానేస్తే బెంగ అని మురిసిపోకండి. చెవుల్లో, కాలివేళ్ల మధ్య వెతకండి, చిగుళ్ల రంగు చూడండి, రక్తపరీక్ష చేయించండి. మనుషులకు వాడే నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. మనకైనా డెంగీలో పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వద్దనే చెప్పారు నాకు. జ్వరం దిగిందని ధీమాగా ఉండొద్దు.

పోయిన వారం రివ్యూకి వెళితే నా ప్లేట్‌లెట్లు రెండు లక్షల నలభై వేలు. వస్తూ వస్తూ పశువుల డాక్టరుగారి దగ్గర ఆగి, విప్పని డాక్సీసైక్లిన్ స్ట్రిప్పులు రెండు ఇచ్చేశాను, ఎవరికైనా పనికొస్తాయని. సగం వాడిన స్ట్రిప్పు ఫ్రిజ్ మీదే ఉంది. తుడిచేటప్పుడు తీస్తాను, మళ్లీ అక్కడే పెడతాను.